పదహారు పేజీల ఆశీస్సు

ఉత్తమ కథాసంపుటి బహుమతికి పుస్తకాలు పంపవలసిందిగా సాహిత్య సంఘం వారు ప్రకటించారు. నిబంధనలు రెండే. పుస్తకం నూట అరవై పేజీలకు మించరాదు. పక్షపాతానికి తావు లేకుండా, న్యాయనిర్ణేతలైన సంఘం పెద్దలు తమ అభిప్రాయాలను ముందుమాటలుగా ఆ పుస్తకంలోనే ముందే రాసి ఉండాలి. ఇంతకన్నా పారదర్శకత ఏం కావాలి చెప్పండి!

నీటి పన్ను కార్యాలయంలో పనిచేసే హెడ్‌గుమాస్తాగారి దగ్గర సరిగ్గా నూట అరవై పేజీల కథలున్నాయి. మొత్తం పద్నాలుగు. పదమూడింటి సంగతి ఎలా ఉన్నా, 'కాజాలు' మాత్రం ఆయన ప్రాణం. తల్లి పోయాక ఆయన్ని చదివించింది అక్క. దర్జీ దుకాణం నుంచి చొక్కాలు తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టేది. దారం పంటితో తెంపుతూనే తమ్ముడి చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. పదమూడో ఎక్కంలో తప్పు చెబితే సూది ఆగిపోయేది. అదంతా ఆ కథలో ఉంది.

"నా గురించి రాశావా? పుస్తకంలో వేస్తావా? నిజంగానే?" అని అక్క మూడుసార్లు అడిగింది.

"పుస్తకం పేరే 'కాజాలు' అక్కా. నీమీదొట్టు," అన్నారాయన.

సంఘం కార్యదర్శిగారు 'నాలుగు మాటలు' రాసిచ్చారు. ఇరవై రెండు పేజీలు. ఉపాధ్యక్షులవారు చిన్నబుచ్చుకోకుండా 'మరో నాలుగు మాటలు' రాయించుకోవలసి వచ్చింది. అవి నలభై పేజీలు. అందులో ఆయన ఈత నేర్చుకున్న వైనం, మోకాలి నొప్పి, యువతకు సందేశం ఉన్నాయి. కోశాధికారిగారు తమ అభినందనతో పాటు మనవరాలు గీసిన ఏనుగులు కూడా దయచేశారు. ఏనుగులు కదా, పేజీకొకటే పట్టింది.

పుస్తకం టైపు చేస్తున్న డీటీపీ అమ్మాయి ఒకరోజు మొహమాటంగా, "సార్, ఏమనుకోకండి. మీ కథలు అడ్డొస్తున్నాయి," అంది.

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది గుమాస్తాగారికి. రోజుకొక కథ తీయించారు. బాగాలేని కథలు బాధ లేకుండానే పోయాయి. బాగున్నవి పోతుంటే, పెద్దలకు చోటివ్వడం సంస్కారం అనుకున్నారు. చివరికి మూడే మిగిలాయి. 'కాజాలు', మరో రెండు బుల్లి కథలు.

అచ్చుకు వెళ్ళే రోజు పొద్దున అధ్యక్షులవారి ఆశీస్సు వచ్చింది. పదహారు పేజీలు.

"అచ్చులో సరిగ్గా ఒక ఫారం సార్," అంది అమ్మాయి. "'కాజాలు' కూడా సరిగ్గా అంతే. ఆ రెండూ తీసినా చాలవు."

"కాస్త కుదించలేమా అమ్మా, ఆ ఆశీస్సుని?"

"కామా కూడా ముట్టుకోవద్దని ఫోన్ చేశారు సార్."

గుమాస్తాగారు లేచి మంచినీళ్ళు తాగారు. మళ్ళీ కూర్చున్నారు. ఆశీస్సు తిరగేస్తే పదహారు పేజీల్లోనూ 'కాజాలు' కథను ఆకాశానికెత్తేశారు అధ్యక్షులవారు. తనను పొగిడే పేజీల కోసం తానే తప్పుకోవడం, ఇంత వినయం ఏ కథకుంటుంది!

"తీసెయ్యమ్మా," అన్నారు, అటు తిరిగి. "పుస్తకం పేరు మాత్రం మార్చకు."

ఆ కంగారులో విషయసూచిక మార్చడం ఇద్దరూ మరిచిపోయారు.

బహుమతి ఏకగ్రీవంగా వచ్చింది. సభలో అక్క ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అధ్యక్షులవారు మైకు సవరించుకున్నారు. "ఏం కథండీ 'కాజాలు'! ఆ అక్క కుట్టింది చొక్కాలను కాదు, ఈ సమాజాన్ని! మూడుసార్లు చదివాను. మూడుసార్లూ తలగడ తడిసింది!"

హాలు చప్పట్లతో మారుమోగింది. అక్క కళ్ళజోడు పెట్టుకుని విషయసూచిక చూసింది. 'కాజాలు', నూట ముప్పై ఒకటో పేజీ. అక్కడ అధ్యక్షులవారి ఫొటో ఉంది. వెనక్కి వెళ్ళి మొదటి పేజీ నుంచి వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్కటే తిప్పింది. ఈత, మోకాలు, ఏనుగులు అన్నీ చూసింది. జ్ఞాపిక ఇచ్చే వేళకు వెనక అట్ట చేరింది. ఆ పుస్తకాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పిన మనిషి నేటికీ ఆవిడొక్కతే.

తమ్ముడు వేదిక దిగగానే మెల్లగా అడిగింది. "నేను లేను కదరా ఇందులో?"

"రెండో ముద్రణలో వేస్తానక్కా. ఒట్టు."

"మరి ఇంతమంది ఎక్కడ చదివార్రా నన్ను?"

గుమాస్తాగారు జ్ఞాపికను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"కాజాలు కుట్టని చొక్కా తీసుకెళితే మా దర్జీ మొహాన కొట్టేవాడు," అంది అక్క, పుస్తకం సంచిలో పెట్టుకుంటూ. "మీవాళ్ళు నయంరా. చప్పట్లు కొడతారు."

'కాజాలు' మీద ఇప్పటికి ఆరు సమీక్షలొచ్చాయి. ఆరుగురికీ ముగింపు తెగ నచ్చింది. మొన్న ఒక సభలో ఆ కథ ప్రస్తావన రాగానే మీరు కూడా అవునవునని తల ఊపారు. నాకెలా తెలుసంటారా? మీ పక్క కుర్చీలో కూర్చుని నేనూ ఊపాను.