మోకాల్లోకి దిగిన మనసు

ఊళ్ళో ఆగిపోయిన గడియారాలన్నీ నడిపించే మేస్త్రీ, ఆదివారం ఆరాధన ముగిసేసరికి తానే ఆగిపోతాడు. కారణం కుర్చీలు. మధ్యాహ్నం స్త్రీల కూటానికి చర్చి హాల్లో నలభై కుర్చీలు వేసే పని భార్య అతనికి అంటగట్టింది. మోకాలి నొప్పి పేరుతో మూడు వారాలు నెట్టుకొచ్చాడు. నాలుగో వారం పొరపాటున ఎడమ కాలు కుంటుతూ నడిచాడు.

"కుడి మోకాలు కదా నొప్పి?" అంది భార్య.

మేస్త్రీ తడుముకోకుండా, పాత పుస్తకాల కొట్లో కొన్న మనసు డాక్టర్ల పుస్తకం తీశాడు. చదివింది పన్నెండు పేజీలే.

"నొప్పి మోకాల్లో లేదే, మనసులో ఉంది. అణిచేసుకున్న కోరికలు ఇలా ఎక్కడో ఒకచోట బయటపడతాయట."

"మీ బుర్ర మోకాల్లో ఉందని మా అమ్మ పెళ్ళినాడే అంది."

"మనిషంటే మూడు వాటాల ఇల్లు. కింది వాటాలో కోరికలు, పై వాటాలో మందలించేవాళ్ళు. మధ్యలో నలిగిపోయేది నేను."

"పై వాటాలో నేనన్నమాట. ఇదంతా మన విశ్వాసానికి కుదురుతుందా?"

"భేషుగ్గా. పాస్టరు గారు పాపం వైపు లాగే పాత స్వభావం అంటారే, అదే ఈ కింది వాటావాడు. వాడికి మందు, గంటసేపు సోఫాలో పడుకోవడం. కావాలంటే ఆయన్నే అడుగు." ఇంత చిన్న సంగతికి ఆవిడ పాస్టరు దాకా వెళ్ళదని అతని ధీమా.

ఆవిడ కాసేపు బయటికెళ్ళొచ్చి, సోఫా తలవైపు వెనక స్టూలు వేసింది. "వినేవాళ్ళు వెనక కూర్చోవాలి. మీరు కళ్ళు మూసుకుని, నోటికొచ్చిందల్లా దాచకుండా చెప్పాలి. నలభై మూడో పేజీ."

ఆవిడ పుస్తకం తనకంటే ముందుకు చదివేసిందని మేస్త్రీకి అప్పుడు తెలిసింది. కానీ సోఫా మెత్తగా ఉంది. కళ్ళు మూశాడు. వీధి తలుపు చప్పుడైంది, స్టూలు కిర్రుమంది. అతను పట్టించుకోలేదు.

"ఎలా ఉంది?" భార్య గొంతు.

"హాయిగా ఉందే."

"మోకాలు?"

"ఏ మోకాలు?" అన్నాడు మగతగా.

వెనక ఎవరో దగ్గారు. ఆడ దగ్గు కాదు. మేస్త్రీ చటుక్కున రెండు కాళ్ళ మీదా లేచి నిలబడ్డాడు. స్టూలు మీద పాస్టరు గారు. మేస్త్రీ సిగ్గుతో తల వంచి, "మోకాలికేం లేదండీ," అని ఒప్పుకున్నాడు.

"ఆ డాక్టర్లు మనసు లోతు బాగానే పట్టుకున్నారు మేస్త్రీ," అన్నారాయన. "లోపలున్నది కక్కించేదాకా వాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ తర్వాత క్షమాపణ కావాలి. అది వాళ్ళ దగ్గర దొరకదు, దేవుడి దగ్గరే దొరుకుతుంది. మీరు ఒప్పుకున్నారు, ఆయన క్షమించేశాడు."

మేస్త్రీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మళ్ళీ సోఫా వైపు చూశాడు.

"దేవుడు క్షమించాడు. కుర్చీలు నలభై," అంటూ భార్య చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "ఏమంటున్నాడు మీ కింది వాటావాడు?"

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు," అని మేస్త్రీ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.