అయిదో స్టడ్డు

నాగరికత చక్రంతో మొదలైందని పుస్తకాల్లో రాస్తారు. అది పొరపాటు. చక్రాన్ని ఎవరైనా కనిపెట్టగలరు. ఆ చక్రం ఊడిపోకుండా చూడటానికి ఒక కార్యాలయాన్ని, ఆ కార్యాలయానికి ఒక యాప్‌ను, ఆ యాప్‌కు ఒక ఓటీపీని కనిపెట్టిన రోజున అసలు నాగరికత మొదలైంది. నూజివీడుకు అది కాస్త ఆలస్యంగా, ఈ మే నెల రెండో వారంలో వచ్చింది. వచ్చి సరాసరి మామిడికాయల వ్యాపారి పాండురంగారావుగారి కారు దగ్గర, ముందు ఎడమ చక్రం పక్కన ఆగింది.

పాండురంగారావుగారు పూత చూసి తోట కొనే మనిషి. జనవరిలో చెట్టు కింద నిలబడి తలెత్తి ఒక్కసారి చూస్తే, మే నెలలో ఎన్ని టన్నులు దిగుతాయో చెప్పేస్తారు. (చెప్పినన్ని దిగవు. అది వేరే సంగతి.) అలాంటి తనకు చక్రానికి ఉండే అయిదు నట్ల గురించి ఇంకొకరు చెప్పవలసిన పనిలేదని ఆయన గట్టి నమ్మకం. అందుకే కిందటేడు టైర్లు మార్పించినప్పుడు, నట్లు వదులవుతాయేమోనన్న ముందుచూపుతో, ఆ నట్లు ఎక్కే బోల్టుల, అంటే స్టడ్డుల, మరలకు స్వహస్తాలతో మామిడి సొన పట్టించారు. కాయ తొడిమ తుంచితే చిమ్ముతుందే, ఆ జిగురు. ఒంటి మీద పడితే పుండు, చొక్కా మీద పడితే మరక, ఎండితే వజ్రలేపం.

ఆ లేపం మహిమ ముసునూరు రోడ్డులో టైరు పంక్చరైనప్పుడు తెలిసింది. మెకానిక్ ప్రేమ్‌చంద్ వచ్చి, పానాకు పైపు తొడిగి, పైపు మీద ఎక్కి నిలబడితే నాలుగు నట్లు ఏడుస్తూ వచ్చాయి. అయిదోది రాలేదు. స్టడ్డే విరిగి నట్టుతో సహా వచ్చేసింది.

"సొన రాశారా బాబాయిగారూ?" అన్నాడు ప్రేమ్‌చంద్, విరిగిన ముక్కను వాసన చూసి. "స్టడ్డుకి ఆయిలే రాయకూడదంటే మీరు సొన రాశారు! వైరు బ్రష్షుతో మర శుభ్రంగా తుడుచుకోవాలండీ. నట్టు ముఖం వాలుగా ఉందో లేదో, రిమ్ములో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకోవాలి. ముందు చేత్తో తిప్పి, తర్వాత ఒకటి వదిలి ఒకటి బిగించుకుంటా రావాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా వెయ్యాలి. అంతేనండీ, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇప్పటికి నాలుగు నట్లతో స్పేరు టైరు వేసి ఇంటికి చేరుస్తాను, ఆ తర్వాత బండి బయటికి తియ్యకండి. కొత్త స్టడ్డు రేపు తెప్పిస్తాను, అరగంట పని."

అరగంటలో అయిపోయే పనిని నమ్మకూడదని పాండురంగారావుగారికి తెలుసు. పైగా ఆ కారుకు గరుడవేగ మోటార్స్ వారి 'నిశ్చింత కవచం' అనే అయిదేళ్ల వారంటీ ఉంది. బయటి స్టడ్డు ఒక్కటి వేసినా కవచం మొత్తం ఊడిపోతుందని అందులో నూట పన్నెండో పేజీలో రాసి ఉంది. ఆ పేజీ దాకా చదివిన కస్టమరు ఆంధ్ర రాష్ట్రం మొత్తంలో తానొక్కడేనని ఆయనకు కాస్త గర్వం కూడా ఉంది.

కాబట్టి ఆయన 'చక్రమిత్ర' యాప్ తెరిచారు. మీ సమస్య ఏమిటని అడిగి అది మూడు దారులు చూపించింది: నట్టు వదులైంది, నట్టు బిగిసింది, నట్టు బాగుంది. స్టడ్డు విరగడమనేది కంపెనీ విధానంలో లేదు. ఆయన మొదటిది నొక్కారు. విరిగిన చోటును ఫోటో తీసి పంపమంది. పంపారు. "మీ ఫోటోలో స్టడ్డు కనిపించడం లేదు. స్టడ్డు స్పష్టంగా కనిపించేలా మరొక ఫోటో పంపగలరు" అని జవాబు వచ్చింది. ఆయన అలాగే పదకొండు ఫోటోలు పంపారు. లేని స్టడ్డు పదకొండింట్లోనూ కనిపించలేదు.

పన్నెండోసారి యశస్విని అనే అమ్మాయి కంపెనీ తరఫున ఫోన్ చేసింది. గొంతు తేనెలా ఉంది.

"సార్, కనిపించని భాగానికి ఫీల్డు పరిశీలన తప్పనిసరండీ. గురువారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరులోపు మా అధికారి వస్తారు. ఆ టైములో యజమాని బండి పక్కనే ఉండాలి. లేకపోతే మీ కంప్లైంటు పరిష్కారమైనట్టు నమోదవుతుందండీ."

గురువారం హైమవతిగారి కన్ను ఆపరేషను. హైమవతిగారు పాండురంగారావుగారి భార్య. ఆవిడ కుడికంటికి రెండేళ్లుగా పొర కమ్మింది; ఎడమది మొదటి నుంచీ చిన్న అక్షరాలకు పనికిరాదు. మొదటి తేదీ పూత చూడటానికి వెళ్లే రోజుల్లో పడింది, వాయిదా వేశారు. రెండోది కోతల్లో పడింది, అదీ వేశారు. ఈసారి కూడా తప్పితే మళ్లీ దసరా వెళ్లాకేనని విజయవాడ డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. దుమ్ములో, బస్సులో రావద్దని కూడా చెప్పాడు.

"గురువారం నాకు ఆపరేషను కదండీ," అన్నారు హైమవతిగారు.

"తెలుసే. ఆ రోజే వాడొస్తానన్నాడు. నేను బండి పక్కన లేకపోతే కంప్లైంటు కొట్టేస్తారంట."

"డాక్టరుగారు కూడా పక్కన మనిషి ఉండాలన్నారు."

"ఫలానా మనిషే ఉండాలన్నారా? ఎవరైనా పరవాలేదన్నారా?"

"ఎవరైనా పరవాలేదన్నారు," అన్నారు హైమవతిగారు.

"చూశావా మరి! పక్కింటి కృష్ణవేణి వస్తుంది. ఇక్కడ మాత్రం యజమానే ఉండాలి. యజమానిని నేనొక్కణ్నే కదా."

తర్కంలో లోపం లేదు. గురువారం పొద్దున్నే హైమవతిగారు కృష్ణవేణిని వెంటబెట్టుకుని, కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని ఆర్టీసీ బస్సెక్కారు. బస్సు కదిలేదాకా ఆయన స్టాండులోనే నిలబడ్డారు. టైము ఏడూ నలభై అయింది. ఎనిమిదికల్లా బండి పక్కన ఉండాలి గనక పరుగులాంటి నడకతో ఇంటికొచ్చేశారు.

వచ్చాక ఊరికే కూర్చోలేదు. పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడంటే సరుకును ఎలా ఉంచాలో ముప్ఫయ్యేళ్లుగా మామిడి వ్యాపారం చేస్తున్నవాడికి ఒకరు నేర్పాలా? గంప కింద ఏమున్నా, పై వరసలో నిగనిగలాడే కాయలే పేర్చాలి. అది నూజివీడు మర్యాద. ఆయన కారు కడిగించారు. టైర్లకు నల్లరంగు పూయించారు. సామాన్లలో పడి ఉన్న ప్లాస్టిక్ వీల్ క్యాప్‌లు తీసి తళతళా తుడిచి నాలుగు చక్రాలకూ బిగించారు. ఆ క్యాప్‌ల మీద, అచ్చు నిజమైన వాటిలాగే, అయిదేసి వెండిరంగు నట్లు అచ్చుపోసి ఉంటాయి.

మధ్యాహ్నం మూడింటికి చక్ర స్థిరత్వ విభాగం ప్రాంతీయ ఉప పరిశీలకుడు రాజీవ్ వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. చక్రానికి మీటరు దూరంలో గొంతుక్కూర్చుని, పెన్నుతో గాల్లో లెక్కపెట్టాడు.

"అయిదు," అన్నాడు.

"అయ్యో, అది క్యాప్ బాబూ! లోపల నాలుగే ఉన్నాయి. ఉండు, ఊడదీస్తాను," అంటూ పాండురంగారావుగారు వంగారు.

"చెయ్యి పెట్టకండి సార్. పరిశీలన మధ్యలో కస్టమరు చక్రాన్ని ముట్టుకుంటే ట్యాంపరింగ్ కిందకి వస్తుందండీ."

"పోనీ నువ్వు తియ్యి."

"నేను ముట్టుకోకూడదండీ. నాది చూసే విభాగం. తీసే విభాగం వేరే."

"వాళ్లెప్పుడొస్తారు?"

"చూసినప్పుడు లోపం కనిపిస్తే వస్తారు సార్."

రాజీవ్ ట్యాబులో వివరాలు నింపాడు. స్టడ్డులు: అయిదు. నట్లు: అయిదు. తుప్పు: లేదు. (ప్లాస్టిక్‌కు తుప్పు పట్టడం ఇంకా ఎక్కడా నమోదు కాలేదు.) మెరుపు: అత్యుత్తమం. జిల్లాలో ఇంత శ్రద్ధగా నట్లు చూసుకునే కస్టమరును తాను చూడలేదని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అయిదున్నరకు హైమవతిగారు కుడికంటికి కట్టుతో ఆటో దిగారు. ఆవిడ ఇంట్లోకి వెళ్లలేదు. తిన్నగా కారు దగ్గరకొచ్చి, నిబంధనలేవీ తెలియనిది కావడం చేత, వీల్ క్యాప్‌ను పట్టుకుని ఒక్క లాగు లాగారు. వంగితే కంటికి మంచిది కాదని కృష్ణవేణి అరుస్తున్నా వినకుండా వేలు పెట్టి లెక్కపెట్టారు.

"నాలుగేనండీ," అన్నారు. తర్వాత, "మత్తు దిగి మెలకువ వచ్చాక మిమ్మల్నే పిలిచానంట. కృష్ణవేణి పలికింది," అన్నారు.

పాండురంగారావుగారికి చచ్చేంత సిగ్గేసింది. ఏదో ఒకటి చెయ్యకపోతే మనిషి కాననిపించింది. ఆ ఊపులో ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, పునర్విచారణ ఫారం తెరిచారు.

ఫారానికి ప్రత్యక్ష సాక్షి కావాలి. హైమవతిగారి పేరు రాశారు. సాక్షి ఎన్ని స్టడ్డులు చూశారు? నాలుగు. సాక్షి ఎన్ని కళ్లతో చూశారు? (ఈ ప్రశ్న ఎందుకు పెట్టారో తెలియదు. పెట్టారు.) పాండురంగారావుగారు వ్యాపారంలో తప్ప ఎక్కడా అబద్ధమాడరు. ఒకటి, అని రాశారు.

మధ్యలో ప్రేమ్‌చంద్ ఒకసారి వచ్చి, "స్టడ్డు తెచ్చానండీ, వేసెయ్యమంటారా?" అని అడిగాడు. వద్దన్నారు. కంపెనీ రికార్డులో ఇప్పటికే అయిదున్నాయి. ఇంకోటి వేస్తే ఆరోది అవుతుంది. అది అనధికార మార్పు. వారం తర్వాత కంటి చెకప్‌కు కూడా హైమవతిగారు బస్సులోనే వెళ్లొచ్చారు. చూపు బ్రహ్మాండంగా ఉందని డాక్టరు అన్నాడట.

పునర్విచారణ విభాగం వారి ఉత్తరం ఇరవయ్యో రోజున వచ్చింది. పాండురంగారావుగారు అందుకోబోయేలోగా హైమవతిగారే తీసుకుని, రెండేళ్ల తర్వాత మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా గడగడా చదివారు.

"గౌరవనీయులైన కస్టమరుకు. మీ సాక్షి ఒక కంటితో నాలుగు స్టడ్డులు చూసినట్టు తెలిపారు. నిబంధన పద్నాలుగు ప్రకారం, ఒక కంటితో చేసిన లెక్కను రెండు కళ్లకు సవరించగా మొత్తం ఎనిమిది స్టడ్డులు తేలాయి. మీ చక్రానికి మంజూరైనవి అయిదు. అదనంగా ఉన్న మూడు స్టడ్డులను ఏడు రోజుల్లోగా కంపెనీకి స్వాధీనం చేయగలరు."

హైమవతిగారు ఉత్తరాన్ని మడిచి భర్త చేతిలో పెట్టారు.

"మూడు ఎక్కువున్నాయంటున్నారు కదండీ. వాటిలో ఒకటి మనం వేసుకుని, రెండే తిరిగిచ్చెయ్యండి. పైనెల చెకప్‌కైనా కార్లో వెళ్దాం."

పాండురంగారావుగారు చాలాసేపు సీరియస్‌గా ఆలోచించి, దానికి వేరే ఫారం ఉంటుందన్నారు.