ఎడమ చెంప చందా

మా వీధి మగవాళ్ళందరికీ ప్రస్తుతం ఎడమ చెంప మీద మాత్రమే గడ్డం ఉంటోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇది జబ్బు కాదు, నిరసన కాదు, ఫ్యాషన్ అంతకన్నా కాదు. రేడియో చందా మహిమ.

మా వీధి సెలూన్ యజమానిని అందరం తాళం బావ అంటాం. పాట లేనిదే ఆయన చెయ్యి ఆడదు. వాళ్ళ నాన్న అలా నేర్పాడు: పల్లవికి నురగ, మొదటి చరణానికి కుడి చెంప, రెండో చరణానికి ఎడమ చెంప. పాటకీ గడ్డానికీ ఏం సంబంధమని అడిగేటంత సంస్కారహీనులు మా వీధిలో లేరు.

చాలాకాలం ఉచిత రేడియోతోనే బండి నడిచింది. ఒకనాడు చరణం మధ్యలోకి సిమెంటు ప్రకటన దూకింది. దాని జోరుకి బావ చెయ్యీ జోరందుకుంది, పోస్టుమాస్టరు గారి కనుబొమ కాస్తా ఎగిరిపోయింది. ఆయన పెద్దమనిషి గనక, మళ్ళీ మొలుస్తుందిలే అన్నాడు. బావ మాత్రం సిగ్గుతో చచ్చిపోయి, ఆ సాయంత్రమే ప్రకటనలు లేని రేడియోకి చందా కట్టాడు.

కొన్నాళ్ళు స్వర్గమే. తర్వాత కంపెనీవారు మా సుఖం చూసి ఓర్వలేక, క్షమించాలి, మా సుఖం ఇంకా పెంచదలచి, పాటకీ పాటకీ మధ్య ఒక అమ్మాయిని ప్రవేశపెట్టారు. "మీరు వింటున్నది ప్రకటనలు లేని రేడియో. ఇందులో ప్రకటనలు ఉండవు. అది మీ అదృష్టం" అని ఆవిడ తేనెలొలికే గొంతుతో చెప్పిందే చెప్తుంది. సిమెంటువాళ్ళు కూడా ఏనాడూ అంతసేపు చెప్పలేదు. ఆపైన చందా పెంచారు. ఆ అమ్మాయికి జీతం ఎక్కణ్ణుంచి రావాలి మరి, న్యాయమే కదా!

ఆ తర్వాత రెండో చరణాన్ని, ఇంకా ఎక్కువ చందా కట్టాల్సిన స్వర్ణ ప్లాన్‌లోకి మార్చారు. మొదటి చరణం కాగానే పాట ఠక్కున ఆగేది, బావ కత్తీ ఆగేది. కుడి చెంప నున్నగా, ఎడమ చెంప నురగతో లేచి, డబ్బులిచ్చి ఇళ్ళకు వచ్చేవాళ్ళం. ఆఫీసులో హెడ్‌గుమాస్తా తన కుడి చెంప అధికారికి కనబడేలా కుర్చీ తిప్పుకున్నాడు. మా ఆవిడ నన్ను భోజనాల దగ్గర గోడవారగా కూర్చోబెట్టింది. "ఇంట్లో బ్లేడు ఏడ్చిందిగా, ఆ మిగిలింది గీసుకోకూడదూ?" అంది. డబ్బిచ్చి పెంచుకున్న గడ్డాన్ని చేతులారా పాడుచేసుకోమంటుంది, పిచ్చిది.

అందరి ఇళ్ళల్లో ఆడవాళ్ళూ ఇదే పాట అందుకునేసరికి బావకి బేరాలు తగ్గాయి. స్వర్ణ ప్లాన్ కట్టాలంటే కుర్చీ అమ్ముకోవాలి, కట్టకపోతే షాపు మూసుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపం, కంపెనీకి మొరపెట్టుకున్నాడు. వాళ్ళు దయతలచి టై కట్టుకున్న ఒక ప్రతినిధిని పంపించారు.

"ప్రియమైన చందాదారులారా!" అన్నాడాయన, సెలూన్ మెట్టు మీద నిలబడి. "రెండో చరణం తీసేశామని కొందరు అపార్థం చేసుకుంటున్నారు. తీసెయ్యలేదు. దాన్ని ఉన్నత స్థానంలో కూర్చోబెట్టాం, అంతే. అందుకోవాలంటే మీరు ఎదగాలి. అందాకా మీ ఎడమ గడ్డమే మా సభ్యత్వ చిహ్నం. గర్వంగా పెంచండి!" మేం చప్పట్లు కొట్టాం. నున్నగా మెరుస్తున్న ఆయన రెండు చెంపలూ చూసి కొందరికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

బావ భార్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. "నీ నోరేమన్నా పడిపోయిందా? ఆ చందా మానేసి, పాటేదో నువ్వే పాడి గీసెయ్యి" అంది. బావ పాడాడు. అబ్బ, ఏం గొంతండీ! పల్లవి, రెండు చరణాలు, రెండు చెంపలు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు అద్దంలో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను.

వారం తిరగకుండా వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "నోటితో పాడేదానికి పూర్తి డబ్బులెందుకు?" అన్నాడు హెడ్‌గుమాస్తా. "ఎడమ గడ్డముంటే చందాదారుడంటారు. రెండు చెంపలూ గీయించుకుంటే ఎవడో చందా కట్టలేనివాడనుకోరూ?" అన్నాడు పోస్టుమాస్టరు. మాకూ పరువుందిగా, వెళ్ళడం మానేశాం. బావ ఖాళీ కుర్చీల మధ్య కొన్నాళ్ళు తనకోసమే పాడుకున్నాడు. ఆఖరికి నోరు మూసుకుని, మళ్ళీ చందా కట్టి, "ఇచ్చట చందా రేడియో కలదు" అని బోర్డు పెట్టాడు. మర్నాడు వరస వీధి మలుపు దాటింది.

వచ్చే నెల నుంచి పల్లవీ, మొదటి చరణమూ కూడా స్వర్ణంలోకి వెళ్తాయట. మేం మెడకు తువ్వాలు చుట్టించుకుని, ప్రకటనలు లేవని ఆ అమ్మాయి చెప్పేదంతా విని లేచి వస్తే చాలట. ముందే డబ్బు కట్టినవాళ్ళకి ముందు కుర్చీ అన్నారు, కట్టేశాను. క్షవరమైతే గాని వివరం తెలియదంటారు పెద్దలు. మాకింకా సగమే కదా అయింది.

నవ్వుతున్నారా? నవ్వండి. మీరు నెలనెలా చందా కట్టే ఆ టీవీలో ఆఖరుసారి ఏం చూశారో చెప్పి మరీ నవ్వండి.