ఆరు బ్యాండ్ల బంగారయ్య

"ఆనందం లేని వ్యాయామం అసలు వ్యాయామమే కాదు!" అని మా అధ్యక్షులు గురుమూర్తి గారు ప్రకటించారు. ఫర్వానియాలో ఒక హోటల్ పైఅంతస్తులో, బిర్యానీ తిన్న వెంటనే. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్ల పొట్టలు తగ్గించే భారాన్ని ఆయన నెత్తిన వేసుకున్న శుభ ఘడియ అది. ఆయన పొట్ట అడ్డం రావడంతో మైకు స్టాండు నోటికి అందలేదు. మా తెలుగు సంఘం కార్యదర్శిని కాబట్టి మైకు నేనే పట్టుకున్నాను.

ఉద్యమం పేరు 'నవ్వుతూ నడుద్దాం'. కమిటీలో ఆరుగురం. ఆరుగురి చేతులకూ అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు. నెల తిరిగేసరికి ఎక్కువ అడుగులు వేసినవారికి మన రాష్ట్రం నుంచి వస్తున్న మంత్రిగారు స్వహస్తాలతో పతకం వేస్తారు.

మర్నాడే ఎగైలాలో ఒక మాల్‌లో, చల్లటి ఏసీలో, నడక మొదలైంది. అధ్యక్షులవారు చెవుల్లో పాటలు పెట్టుకుని మహా హుషారుగా కాఫీ షాపు దాకా నడిచారు. నడక అక్కడ స్థిరపడింది. బ్యాండు నాలుగు వందల పన్నెండు చూపించింది. కుర్చీ వెతుక్కోవడానికి వేసిన అడుగులు కూడా అందులోవే.

"కార్యదర్శీ, నాకు ఆనందం రావట్లేదయ్యా," అన్నారు దిగులుగా.

సరిగ్గా అప్పుడే బంగారయ్య వచ్చాడు. కోనసీమ మనిషి. గురుమూర్తి గారు మేనేజరుగా ఉన్న క్లీనింగ్ కంపెనీలోనే పని. రోజుకు పన్నెండు గంటలు ఆ మాల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తుడుస్తాడు. ఒక చేతిలో తుడుపు కర్ర, ఒక చేతిలో లీవు ఫారం, ఎడమ మోకాలు వాచిపోయి ఉంది.

"సంతకం పెట్టండి బాబూ. ఆపరేషన్ చేయించుకోపోతే ఇంక ఈ కాలు పనికిరాదని డాక్టరమ్మ గారన్నారండి. రాజమండ్రిలో మా బావమరిది అన్నీ మాట్టాడేసేడండి."

గురుమూర్తి గారు ఫారం చూడలేదు. తుడుపు కర్రను చూశారు. ఆ కర్ర వెళ్లివచ్చిన దూరాన్ని చూశారు. ఆయన మొహం వెలిగింది.

"ఎవరికి ఆనందమిచ్చే పని వాళ్లు చెయ్యాలయ్యా, అదే మన సిద్ధాంతం. నాకు కూర్చోవడం ఆనందం. మరి నీకు?"

"ఇంటికెళ్లడమండి."

"వెళ్దువుగాని. పతకం నాకు పడ్డ రోజే నీ ఫారం మీద సంతకం పడుతుంది. యల్లా, ఇక కదులు!" అంటూ తన బ్యాండు తీసి బంగారయ్య చేతికి కట్టారు.

ఇలాంటి మోసం కమిటీకి తెలిస్తే ఊరుకుంటుందా? నాలుగు రోజులకే తెలిసింది. ఊరుకోలేదు. తక్కిన అయిదు బ్యాండ్లూ తెచ్చి అతని చేతులకే కట్టింది. బంగారయ్యను నడవొద్దన్న డాక్టర్ కుముదిని గారు కూడా మా కమిటీయే. ఆవిడ అతని మోకాలు నొక్కి చూసి, "ఎడమది బాగాలేదు. బ్యాండు కుడి చేతికి కట్టుకో," అని వైద్య సలహా ఇచ్చి మరీ కట్టారు. ఆ అయిదింటిలో ఒకటి నాది. దాచడమెందుకు?

నెల గడిచింది. బంగారయ్య తుడిచాడు. మాకు ఆకలి పెరిగింది.

ఫలితాల సభలో అధ్యక్షులవారిది ప్రథమ స్థానం. మిగతా అయిదుగురం, ఒక్క అడుగు తేడా లేకుండా, ద్వితీయ స్థానం. "ఇంత ఐకమత్యం మా మంత్రివర్గంలో కూడా లేదు," అన్నారు మంత్రిగారు గద్గద స్వరంతో. వేదిక ఎక్కిన మూడు మెట్లకే రొప్పుతున్న గురుమూర్తి గారి మెడలో పతకం పడింది. శాలువాల పళ్లెం మోస్తున్నది బంగారయ్యే. అతను కుంటుతూ మంత్రిగారి దగ్గరకు రాగానే, ఆనాటి అడుగులు పూర్తయినట్టు, అతని చొక్కా చేతుల్లోంచి ఆరు బ్యాండ్లూ ఒక్కసారిగా కూశాయి.

సభ చప్పట్లు కొట్టింది. కార్యక్రమంలో భాగమనుకుంది కాబోలు.

మంత్రిగారు బంగారయ్య చొక్కా చేతులు పైకి లాగి చూశారు. ఎడమ చేతికి మూడు, కుడి చేతికి మూడు.

"ఏం కావాలయ్యా నీకు?" అన్నారు మెల్లగా.

"లీవండి. నెల్రోజులై అడుగుతున్నానండి."

"గురుమూర్తీ, సిగ్గులేదూ? ఇప్పుడే సంతకం పెట్టు. రేపు నాతోపాటే విమానంలో తీసుకెళ్తా."

బంగారయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కాళ్లకు దండం పెట్టబోయాడు గానీ మోకాలు వంగలేదు. మంత్రిగారు అతన్ని భుజం పట్టి ఆపి, కోటు జేబులోంచి నాలుగు బ్యాండ్లు తీశారు.

"మా జిల్లాలోనూ ఇదే పోటీ నడుస్తోంది. కలెక్టరు నాకన్నా ముందున్నాడు," అంటూ ఒక్కొక్కటే అతని చేతికి కట్టారు. "ఆపరేషన్ సంగతి పోటీ అయ్యాక చూద్దాం."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు బంగారయ్య.

గురుమూర్తి గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. లీవుకు కారణం దగ్గర 'మోకాలి ఆపరేషన్' అని ఉన్నదాన్ని నీటుగా కొట్టేసి, 'నడక' అని రాశారు.

పెన్ను నాదే.