ఆజ్ఞ స్థితి

2016 జూన్ 14, మంగళవారం. ఆ రోజు శ్రీకాకుళంలో మంత్రిగారి సభలో పెట్టిన పులిహోరలో ఇంగువ సరిగ్గా పడింది. సీనియర్ అసిస్టెంట్ కూర్మయ్య ఆ సంగతి ఇప్పటికీ తృప్తిగా తలుచుకుంటాడు. ఆ సభలోనే మంత్రిగారు, ఇకమీదట అర్జీల ప్రత్యేక విభాగం విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోదని, ప్రపంచంలోని మహా ప్రోగ్రామర్లు వాడే ఉచిత ఎడిటర్ అనే రాత ప్రోగ్రాంలోనే అర్జీలన్నీ రాస్తుందని ప్రకటించారు. పులిహోర అందనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

కూర్మయ్య పనిచేసేది ఆ విభాగంలోనే. నేర్పడానికి విశాఖ నుంచి అరుణశ్రీ అనే అమ్మాయి వచ్చింది. నల్లటి తెర చూపించి, దీనికి మౌసు అక్కర్లేదంది. ఇందులో రెండు స్థితులుంటాయంది. రాసే స్థితిలో మీట నొక్కితే అక్షరం పడుతుంది. ఆజ్ఞ స్థితిలో అదే మీట నొక్కితే పని జరుగుతుంది: దాచడం, చెరపడం, అచ్చు వేయడం. రాసే స్థితి నుంచి ఆజ్ఞ స్థితికి వెళ్ళడానికి ఎస్కేప్ మీట. కూర్మయ్య మొదటిరోజు తన పేరు కొట్టబోయి మూడు లైన్లు చెరిపేశాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ ఉపకారం కూర్మయ్య మరిచిపోలేదు.

చివర్లో ఆమె, ఇందులో మీకు కావలసినట్టు ఏదైనా మార్చుకోవచ్చు అంది.

ప్రత్యేకాధికారి ఉమాశంకర్ గారు అంతవరకూ ఫోన్ చూసుకుంటున్నారు. అప్పుడు తలెత్తారు.

"ఆజ్ఞ స్థితిలోకి గుమాస్తా కూడా వెళ్ళిపోవచ్చా?"

"వెళ్ళొచ్చు సార్. ఎవరైనా వెళ్ళొచ్చు."

"అంటే ఇందులో ప్రోటోకాల్ లేదన్నమాట."

ఆ లోటును ఆయన ఒక్క సాయంత్రంలో పూడ్చారు. రాసే స్థితి గుమాస్తాలకు, ఆజ్ఞ స్థితి గెజిటెడ్ అధికారికి అని మెమో వచ్చింది. పదకొండు కీబోర్డుల నుంచీ ఎస్కేప్ మీటలు పీకించి, కవరులో పెట్టి, సీలు వేసి తన సొరుగులో ఉంచుకున్నారు. చెరిపినదాన్ని తిరిగి తెచ్చే మీట ఒకటుందని తెలిసి, ప్రభుత్వం వేసిన అడుగు వెనక్కి వేయడం మర్యాద కాదని దాన్నీ తీయించారు. పరిపాలనలో ఐకమత్యం కోసం నాలుగువందల పన్నెండు అర్జీలనూ ఒకే ఫైలులో పెట్టించారు. అరుణశ్రీ మారుమాట్లాడకుండా అన్నీ చేసిపెట్టి, రైలు వేళ కాకముందే స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

ఆ పద్ధతి నడక చూడముచ్చటగా ఉండేది. గుమాస్తా రాసి లేచి నిలబడతాడు. ఉమాశంకర్ గారు వస్తారు. వెనకాల అటెండరు రెండు చేతులతో, ఎస్కేప్ మీట ఉన్న అధికారి కీబోర్డు మోసుకొస్తాడు. దాన్ని తగిలించాక, వారు ఆజ్ఞాపిస్తారు.

జూలైలో ఒక సోమవారం చేపలమ్ముకునే జగ్గమ్మ వచ్చింది. మనవరాలు తులసికి తల్లీ తండ్రీ లేరు. ఆ సంగతి ఈ ఆఫీసు ధ్రువీకరిస్తూ కాగితం ఇస్తే, శనివారం ఉదయం ఆడపిల్లల హాస్టల్లో సీటు. ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి. పిల్ల చదువు మానేసి గంప ఎత్తుకోవడమే. విచారణ రిపోర్టు అప్పటికే వచ్చి ఉంది. కూర్మయ్య జగ్గమ్మను ఫ్యాను కింద కూర్చోబెట్టి ఐదు లైన్లు కొట్టాడు.

ఉమాశంకర్ గారు విజయనగరంలో ఉన్నారు, ఈ పద్ధతి ఎంత బాగా నడుస్తోందో అక్కడి అధికారులకు ఉపన్యసించడానికి. సాయంత్రం కరెంటు పోయింది. ఐదు లైన్లూ పోయాయి. మంగళవారం మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పోయింది. బుధవారం వారే స్వయంగా వచ్చి ఆజ్ఞాపించారు. నాలుగు లైన్లు చెరిగి, "ఇట్లు" అన్న మాట మిగిలింది. గురువారం వారికి తీరిక లేదు, మంత్రిగారు రేపు వస్తున్నారు.

శుక్రవారం జగ్గమ్మ గంప గుమ్మం బయట దించి లోపలికి వచ్చింది.

"ఏటి బాబూ, ఐదు ముక్కలకి ఐదు దినాలా? నాకే రాత వస్తే ఈపాటికి రాసీసీదాన్ని."

"రోజూ రాస్తన్నానమ్మా. దాసే అధికారం నాకు నేదు."

"రాసింది దాసుకోడానికి కూడా దొరగారు కావాలేటి?"

కూర్మయ్య సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు.

మూడు గంటలకు మంత్రిగారు వచ్చారు. ఉమాశంకర్ గారికంటే పెద్దవారు కనుక ఆజ్ఞ స్థితి వారికి దఖలు పడింది. అటెండరు కీబోర్డు తెచ్చి ముందు పెట్టాడు.

"ఏటి నొక్కాలయ్యా?"

"తమ ఇష్టం సార్," అన్నారు ఉమాశంకర్ గారు.

మంత్రిగారు తమ ఇష్టం వచ్చినవి నొక్కారు. తెర మీద నాలుగువందల పన్నెండు అర్జీలు ఒక్కసారి కదిలి మాయమయ్యాయి. నల్లగా, నున్నగా, కడిగిన పలకలా మిగిలింది తెర.

"అర్జీలేవయ్యా?"

ఉమాశంకర్ గారు ఒక అడుగు ముందుకు వేశారు.

"ఒక్కటి కూడా పెండింగ్ లేదు సార్."

మంత్రిగారు ఆయన భుజం తట్టారు. విలేకరులు రాసుకున్నారు. వరండాలో తమ వంతు కోసం కూర్చున్న అర్జీదారులు కూడా, లోపల ఏదో మంచి జరిగిందనుకుని చప్పట్లు కొట్టారు.

ఆఫీసరు సార్ ఏదైనా సంతకం పెడుతున్నట్టు ఒక ఫొటో కావాలన్నాడు పేపరు ఫొటోగ్రాఫర్. ఉమాశంకర్ గారు పెన్ను తీసి చుట్టూ చూశారు. కూర్మయ్య తన చేత్తో రాసిన కాగితం ముందుకు జరిపాడు. వారు కెమెరా వైపు చూసి చిరునవ్వు నవ్వుతూ సంతకం పెట్టారు. ఫొటో బాగా వచ్చింది.

అందరూ వెళ్ళాక కూర్మయ్య దాని మీద ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊది, జగ్గమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి దీన్ని ఆ మిషన్లో ఎక్కించనేదా బాబూ?"

"నేదమ్మా. అందుకే ఉన్నాది."

ఆమె కాగితాన్ని మడిచి, కవర్లో చుట్టి, రొంటిన దోపుకుని ఆఖరు బస్సుకు నడిచింది. లోపల నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి మినుకుమినుకుమంటూ తర్వాతి ఆజ్ఞ కోసం చూస్తోంది. కూర్మయ్య ఫ్యాను ఆపి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.