కుండ ముందు గంట

...అసలు ఇంట్లో మనిషి ఒక గంట ఊరికే కూర్చోవాలంటే దానికో కారణం చూపించాలి, కారణం లేకపోతే జ్వరమేమోనని నుదురు తాకి చూస్తారు, తనకు దొరికిన కారణం లిథియం బ్యాటరీ. అలా అనుకుంటూనే అతను శనివారం పొద్దున్న ఆరింటికి మట్టికుండను డాబా మీదికి మోస్తున్నాడు.

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా అతను. వారానికి ఐదు రోజులు కుళాయి రాని వాళ్ళు ఒక చెవిలో, కుళాయి ఆగని వాళ్ళు ఇంకో చెవిలో వాయిస్తారు. ఆదివారం మాత్రం వాకింగ్ అని చెప్పి ఊరి చివర మైదానానికి వెళ్ళి, చెప్పుల పెట్టెంత రిమోట్ కారును పందేల్లో నడుపుతాడు. కారు అటక మీద సూట్‌కేసులో ఉంటుంది. నలభై ఆరేళ్ళ వాడి బొమ్మ కారు సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

ఆ కారు బ్యాటరీ ఛార్జి చేయడానికి ఒక నియమముంది. పక్కనుంచి కదలకూడదు. మోతాదు మించితే ఉబ్బుతుంది, ఉబ్బితే అంటుకోవచ్చు. అందుకని ఇసుక పోసిన కుండలో పెట్టి కాపలా కూర్చోవాలి. 'కదలకూడదు' అన్న మాట చదివిన రోజు అతనికి ప్రాణం లేచొచ్చింది. తనకు కావలసింది కారు కాదు, ఈ కాపలా గంటేనేమో అని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్ని లోతుగా తవ్వడు.

గండం కింది వాటాలోని రిటైర్డ్ హెడ్మాస్టరు రూపంలో వచ్చింది. రెండు వారాల కిందట ఆయన బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాడు.

"చాలారోజులుగా చూస్తున్నానోయ్. కుండ మీంచి చూపు తిప్పవు. ధ్యానమటగా?"

కాదు అనాలంటే మరేమిటో చెప్పాలి.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"నేర్చుకోవడానికేముందండీ. కూర్చోవడమే."

"అదీ మాట. తెలిసినవాడు అంతకన్నా చెప్పడు," అన్నాడు హెడ్మాస్టరు.

మరుసటి శనివారం ఆయన మందుల షాపాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. మందుల షాపుకు వెళ్ళిన సంగతి ఊరంతా తెలుస్తుంది కాబట్టి, ఈ శనివారం అతను డాబా ఎక్కేసరికి మూడు చాపలు పరిచి ఉన్నాయి. మూడో చాప మీద పక్క వీధిలో ఉండే భార్య అక్కగారు.

"చెప్పనే లేదే మరిదీ, పరాయివాళ్ళం కాదుగా," అందామె.

తన గంట పోయింది. రేపు పందెం ఉంది కనుక ఛార్జి చేయక తప్పదు. ఛార్జరు పూలకుండీ వెనక దాచి ఉంది. ముగ్గురూ అతని ముఖంలోకే చూస్తున్నారు. గురువనుకుంటున్నవాడు వంగి మిషను చూసుకుంటే బాగుండదు. కళ్ళు మూసుకుని, చెయ్యి వెనక్కి చాచి, మీట నొక్కాడు. మూడుసార్లు నొక్కితే లిథియం వస్తుంది. లెక్క తప్పి రెండుసార్లే నొక్కాడు. అది మామూలు బ్యాటరీల లెక్క, లిథియానికి ఛార్జి ఎక్కడ ఆపాలో దానికి తెలియదు.

అతన్ని చూసి ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. అతని మనసు కుండలో కాకుండా, ఈ చాపలు వచ్చేవారానికి ఎన్నవుతాయో అన్నదాని మీద ఉంది.

"మరిదీ, నాకు మోకాలు తప్ప ఇంకేమీ కనబడ్డం లేదు," అంది వదినగారు.

"కళ్ళు మూసుకుంటే మోకాలెలా కనబడుతుందమ్మా," అన్నాడు మందుల షాపాయన.

"నొప్పిగా కనబడుతోంది."

మరో పావుగంటకు ఆమే అంది. "తియ్యగా ఏదో పళ్ళ వాసన."

"వస్తుందమ్మా. మనసు కుదిరితే అలాంటివి వస్తాయి," అన్నాడు హెడ్మాస్టరు.

"నాకు గోళ్ళరంగు తుడిచే మందు వాసనలా ఉందండీ."

"మీకింకా షాపు వదల్లేదు."

అతను కళ్ళు తెరిచాడు. కుండలో బ్యాటరీ చిన్న దిండులా ఉబ్బి ఉంది. ప్లగ్గు పీకేసి, ఫిర్యాదుల కిటికీ దగ్గర పదిహేనేళ్ళుగా వాడుతున్న చల్లని గొంతుతో చెప్పాడు. "అందరూ లేచి మెట్ల దగ్గరికి వెళ్ళండి."

ముగ్గురూ కళ్ళు తెరవకుండానే లేచి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, అడుగులో అడుగు వేస్తూ బయలుదేరారు.

"త్వరగా నడవండి."

"తొందర పనికిరాదని నువ్వే కదోయ్ చెప్పావు," అన్నాడు హెడ్మాస్టరు.

"నేనెప్పుడూ అనలేదండీ."

"అనకుండానే చెప్పావు."

కుండ బుస్సుమంది. తెల్లటి పొగ లేచింది. అప్పుడు మాత్రం అందరూ కళ్ళు తెరిచారు. పైన పోయడానికి ఇంకాస్త ఇసుక కోసం అతను చుట్టూ చూస్తుండగానే భార్య మెట్లెక్కి వచ్చి, చేతిలోని పెద్ద డబ్బా కుండలో బోర్లించింది. నిండా ఇసుక. పొగ సన్నబడింది.

"ఏముందోయ్ అందులో?" అని అడిగాడు హెడ్మాస్టరు.

"బొమ్మ కారు బ్యాటరీ అండీ."

హెడ్మాస్టరు చాలాసేపు ఆలోచించాడు. "ఉపమానమా?"

"కాదండీ. నాలుగు చక్రాలుంటాయి."

చాపలు చుట్టుకుని ముగ్గురూ దిగిపోయారు. వదినగారు మెట్ల మీద ఒకసారి ఆగి మోకాలు రుద్దుకుంది.

"ఇసుక ఎక్కడిది?" అని అడిగాడు అతను భార్యను.

"మొదటి నుంచీ మెట్ల మలుపులో పెట్టుంచాను. సూట్‌కేసులో ఛార్జరుతో వచ్చిన చిన్న పుస్తకం ఉంది కదా, ఇసుక దగ్గరుంచుకోమని ఆరో పేజీలో రాశాడు."

"మరి ధ్యానమని..."

"నేనే అన్నాను. మీ ఆయనకేమన్నా దిగులా, పొద్దున్నే కుండకేసి చూస్తూ కూర్చుంటాడు, అని మాస్టారు అడిగారు. బొమ్మ కారు అని చెబితే ఊరంతా నవ్వుతుంది, మీరు మానేస్తారు. ఇలా మందిని పోగేస్తారని నాకేం తెలుసు?"

"నాతో అనొచ్చుగా."

"అంటే ఆ గంట మీది కాకుండా పోతుంది."

అతను పొగచూరిన కుండను చూస్తూ అడిగాడు. "ఇన్ని శనివారాలూ నువ్వెక్కడున్నావు?"

"మలుపులోనే. కదలకూడదని రాసుందిగా." ఆమె డబ్బాకు అంటిన ఇసుక దులిపింది. "నాకూ బాగానే ఉండేది లెండి. ఎవరూ ఏమీ అడగరు."

పందెం పోయింది. వారం గడిచింది. శనివారం ఆరింటికి కొత్త కుండ, కొత్త బ్యాటరీతో అతను మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆగాడు. పైకి రమ్మని పిలవాలా అని ఆలోచించాడు. పిలిస్తే ఆమె గంట పోతుంది. కిందికి దిగి, తను కూర్చునే పీట మీది దిండు తెచ్చి, ఇసుక డబ్బా పక్కన మెత్తగా సర్ది, డాబా మీదికి వెళ్ళిపోయాడు.

మీట మాత్రం ఈసారి కళ్ళు తెరిచే నొక్కాడు.