ఈ నురుగు ఎవరి చలవ?

ఆదివారం పొద్దున్నే స్కిమ్మర్ కడిగేసి, ఆనక పేపరు పట్టుకుని కూర్చోవాలన్నది సూపర్వైజరుగారి పథకం. ఆఫీసులో అంతమందిని అదిలించే మనిషికి అరచేతిలో పట్టే కప్పు ఒక లెక్కా? స్కిమ్మర్ అంటే ఉప్పునీటి చేపల తొట్టిలో బుడగలు పుట్టించి, నీళ్లలోని మురికిని నురుగుగా పైనున్న కప్పులోకి నెట్టే గొట్టం. వారం వారం ఆ కప్పు కడక్కపోతే ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకోవాల్సిందే. ఈసారి రెండు వారాలైంది.

అసలు చిక్కు కొత్తగా వేయించిన చెక్క నేలతో వచ్చింది. "మీ వల్ల ఇంకొక్క చుక్క కింద పడిందా, తొట్టి మా తమ్ముడింటికి పోతుంది," అని లెక్కల టీచరైన భార్య తేల్చి చెప్పింది. ఆ తమ్ముడు ఇవాళే భోజనానికి వస్తున్నాడు. తొట్టి పోతే సూపర్వైజరుగారికి ప్రాణం పోయినంత పని. ఆ ఇంట్లో ఆయనకి ఎదురు చెప్పనివి చేపలొక్కటే.

కప్పులోని మురికిని మగ్గులోకి వంపి, వంటింట్లో కప్పును తళతళలాడేలా తోమి, బిగించి, స్విచ్ వేసి ఆయన పేపరు తెరిచారు. మొదటి పేజీ తిప్పేలోగా నురుగు కప్పు నిండి, మూత నెట్టుకుని, బల్ల మీదుగా నేలకు దిగింది.

స్కిమ్మర్ మీది మర కుడికి తిప్పితే పొంగింది. ఎడమకి తిప్పితే ఇంకా పొంగింది. తువ్వాళ్లు పరిస్తే అవీ మునిగాయి. ఇంతలా పొంగాలంటే కప్పుకి సబ్బు తగలాలి. ఆ ఇంట్లో సబ్బు పిచ్చి వాళ్లతోనే ఉంటున్న అత్తగారిదని వేరే చెప్పాలా?

"అత్తయ్యగారూ, నేను చూడనప్పుడు కప్పు మళ్లీ సబ్బుతో కడిగారా?"

"కడిగితే తప్పేంటి బాబూ?"

"చూశావా, ఒప్పుకున్నారు!" అని ఆయన భార్యకేసి తిరిగి కేకపెట్టారు. "నా వల్ల కాదు, మీ అమ్మ వల్ల!"

"నేను ముట్టుకోనే లేదు. నేను కడిగుంటే ఆ కంపు ఎప్పుడో పోయుండేది!" అన్నారు అత్తగారు.

"అంటే మా అమ్మ అబద్ధమాడుతోందంటారా?" అని భార్య గొంతు లేచింది.

"నేననలేదు. నురుగంటోంది."

సరిగ్గా అప్పుడే బావమరిది కొలతల టేపుతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "తొట్టి పొడుగెంతుంటుంది బావా?" అంటూ రెండడుగులు వేసి, నురుగులో కాలు జారి, ఆసరాకి బల్ల అంచు పట్టుకున్నాడు. బావగారు పారబోయడం మరిచి బల్ల మీదే వదిలేసిన మురికి మగ్గు నేరుగా అతని చొక్కా మీదికి వచ్చింది.

ఎవరి కేకలు వాళ్లు వేస్తుండగా అత్తగారు నిదానంగా వెళ్లి ప్లగ్గు పీకేశారు. నురుగు అణిగింది.

"కప్పుని దేంతో తోమావు బాబూ?"

"ఉత్త నీళ్లే అత్తయ్యగారూ. ఇదిగో, ఈ స్పాంజీతో."

అది సింకు పక్కన ఉండే స్పాంజీ. ఆవిడ దాన్ని అందుకుని ఒక్క పిండు పిండారు. గిన్నెల సబ్బు నురుగు మణికట్టు దాకా కారింది.

సూపర్వైజరుగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేపల వైపు చూస్తే ఏడుపొక్కటే తక్కువ.

"తొట్టి తీసుకుపోరా," అంది భార్య.

"నాకొద్దక్కా! ముందు ఆ సబ్బిటివ్వు!" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. చేపలుంటే నాకూ పొద్దుపోతోంది. ఇకనుంచి కప్పు నేనే కడుగుతా," అన్నారు అత్తగారు.

"సబ్బు తగలకూడదండీ..." అని నసిగారు సూపర్వైజరుగారు.

"ఆ ముక్క నువ్వు నాకు చెబుతున్నావా?"

అలా తొట్టి దక్కింది. ఇకమీదట చేపలు గాజుకి అటువైపు, సూపర్వైజరుగారు దేనిమీదా చెయ్యి వెయ్యకుండా ఇటువైపు ఉండాలని తీర్పయింది.